ధర్మకాంటా

మిర్యాలగూడ దాటినంక హాలియా రోడ్డు మీద
మూడో రైసు మిల్లు. గేటు పక్కన రేకుల గది.
గోడ మీద నీలం రంగుతోని ధర్మకాంటా అని రాసుంటది,
సగం "ర్మ" వానకు కొట్టుకపోయింది.

లోపట కంప్యూటర్. ఒకప్పుడు తెల్లగుండె,
ఇప్పుడు పొగాకు నమిలిన పండ్ల రంగు.
తెర మీద పచ్చటి గుట్ట, నీలి ఆకాశం.
ఒక్క రాయి లేని గుట్టను
ఈ జిల్లాల ఎవ్వరు చూసిండ్రు?
ఈదయ్య మాత్రం పదిహేడేండ్ల సంది రోజూ చూస్తుండు.

సీజను ముంగట కొత్త ప్రోగ్రాం వచ్చింది.
రసీదు మీద గళ్ళ గళ్ళ ముద్ర ఉండాల్నట,
లేకుంటే వడ్లు దిగవు.
ఈ డబ్బాల వేస్తే ఒకటే మాట:
నేను వెతికే వాకిలి ఈ ఇంట్ల లేదు.

కొత్త డబ్బా కొనుండ్రి అన్న.
నిరుడే కొన్నడట సేటు. అట్టపెట్టె ఆడనే ఉన్నది,
దాని మీద టిఫిన్ గిన్నె.
దానికి తొమ్మిది సూదుల రంధ్రం లేదు.
కాంటా కింది నుంచి వచ్చే లావు తీగ
ఎటు దూరాల్నో తెల్వక నిలబడ్డది.
నడుమ కన్వర్టర్ పెడితే
ముప్పై టన్నుల లారీని ప్రశ్నార్థకాలుగ చదివిందట.

నేను తెచ్చింది ఒక పొర. పెన్‌డ్రైవుల ఓ మూలకు పడేంత.
లేని వాకిండ్లు గీసి పెడతది.
కొత్తది కొత్త మాటల అడిగితే
పాతదానికి తెలిసిన మాటల్ల విప్పి చెప్తది,
జవాబుకు కొత్త అంగీ తొడిగి మళ్ళ పంపుతది.

అది ఎక్కుతున్నంత సేపు
మొయిజ్ సాబ్ యాదికొచ్చిండు.
నల్లగొండ తాసీల్ ఆఫీసు మెట్ల కాడ
ఇనుప కుర్చీ, రెండు జతల కండ్లద్దాలు.
నిజాం కాలపు పహాణీ పట్టుకొని పోయినం, నాయిన, నేను.
లోపలి సారుకు ఉర్దూ రాదు,
కాయితానికి తెలుగు రాదు.
ఆయన వేలు పెట్టి చదివిండు, కుడి నుంచి ఎడమకు.
నేను రాసిన, ఎడమ నుంచి కుడికి.
రెండెకరాల పదకొండు గుంటల కాడ
"మూడని రాయరాదు సాబ్" అని నాయిన గునిసిండు.
ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నడు.
"నడుమ నిలబడెటోని నీడ
కాయితం మీద పడొద్దు బిడ్డా."
నాయినకు కాదు, నాకు చెప్పిండు.

పొర ఎక్కింది.
కొత్తది అడిగే మొదటి మాట వయసే.
నీదెన్నో నంబరు?
ఐదో నంబరుది "పది" అన్నది. పొర అనిపిచ్చింది.
అబద్ధం. అదీ ధర్మకాంటా గదిల.

నాకు మనసున పట్టలె.
ఈదయ్యను పోయి పళ్ళెం మీద నిలబడమన్న.
అరవై రెండు కిలోల మనిషి.
ఎర్ర అంకెల్ల అరవై. కొత్త తెర మీద అరవై.
పదుల లెక్క దానిది;
ఆ రెండు కిలోల ఈదయ్య దానికెన్నడు కనబడలె.
బస్తాలు వేయిచ్చినం. ఒకటి, నాలుగు, పన్నెండు.
ఒక్క అంకె తప్పలె.
వయసు కాడ బొంకింది, బరువు కాడ బొంకలె.
మొయిజ్ సాబ్ దీనికి ఒప్పుకుంటుండెనో లేదో.
అడుగుదామంటే ఆ కుర్చీ కూడా లేదిప్పుడు.

ముద్ర కొట్టేటప్పుడు ఒక్కోసారి తటాయిస్తది,
ఎంటర్ రెండుసార్లు కొట్టు అని చెప్పిన.
నెట్టు అవసరానికే పెట్టు, పాత గోడకు బొక్కలెక్కువ.

"ఎన్నేండ్లు నడుస్తది?"
"చెప్పలేను."
"ఇది పాతదని కొత్తదానికి తెలుస్తదా?"
"తెల్వదు."
"పాతదానికి?"
"దానికీ తెల్వదు. అది లారీని చూస్తది, గంతే."
ఈదయ్య కొద్దిసేపు గుట్ట దిక్కు చూసిండు.
"నాకైతే తెలుసు గద" అన్నడు.

బయట నిడమనూరు లారీ హారన్ కొట్టింది.
పళ్ళెం ఎక్కంగనే గది వణికింది, గిన్నె మూత మోగింది.
ఎంటర్. మళ్ళ ఎంటర్.
రసీదు చింపి ఇచ్చిండు.
లారీ దిగినంక
అంకెలు సున్నాకు రావడానికి
కొంచెం సేపు పట్టింది.